పెరాసిటిక్ ఆమ్లం: తయారీ, ఉపయోగాలు, పట్టు రైతులు తీసుకోవలసిన జాగ్రత్తలు



పంటకూ పంటకూ నడుమ పెంపకపు గదిని శుద్ధి చేయడం ఎంత ముఖ్యమో మీకు కొత్తగా చెప్పనవసరం లేదు. ఒకసారి పాలరోగం (గ్రాసరీ) వచ్చిన షెడ్డులో శుద్ధి సరిగా జరగకపోతే, తరువాతి పంట నాలుగో జ్వరం దాటి, ఆకు ఖర్చు, కూలి ఖర్చు అంతా అయిపోయిన తరువాత ఐదో దశలో పడిపోతుంది. ఈ భయం ఉన్నందువల్లనే అంగడిలో కొత్త పేరుతో ఏ మందు కనిపించినా రైతు దానివైపు చూస్తాడు. అందులో తప్పు లేదు. అయితే ఆ మందు ఏమిటో తెలుసుకుని చూడవలెను.

చెన్నై జార్జిటౌన్ రసాయనాల దుకాణాలలో నీలం లేక తెల్లని ప్లాస్టిక్ క్యానులలో దొరికే పెరాసిటిక్ యాసిడ్ అలాంటి మందులలో ఒకటి. ఆసుపత్రులకు, డెయిరీలకు, శీతల పానీయాల కర్మాగారాలకు అమ్మే సరుకు ఇది. మన వైపు, అంటే హోసూరు, తళి, కెలమంగలం, వేపనపల్లి, అవతల కుప్పం, పలమనేరు ప్రాంతాలకు, ఇలాంటి క్యాను ఎవరైనా తెచ్చి “బ్లీచింగు అక్కరలేదు, సున్నం అక్కరలేదు, బకెట్టుకు ఒక మూత చాలు” అని చెబితే మీరు ఏమి అడగాలో, ఏమి చూడాలో ఈ కరపత్రంలో వివరిస్తున్నాము.

పెరాక్సైడ్ అంటే ఏమిటి?

నీటిలో రెండు హైడ్రోజన్ పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు ఉంటాయి. దానికి ఇంకొక ఆక్సిజన్ పరమాణువు చేరితే అది హైడ్రోజన్ పెరాక్సైడ్. పుండు కడిగినప్పుడు నురుగు వచ్చే మందు అదే. ఇందులో రెండు ఆక్సిజన్ పరమాణువులు ఒకదానికొకటి పట్టుకుని ఉంటాయి. ఆ పట్టు చాలా బలహీనమైనది. పచ్చి ఆకు మోపును నానిన గడ్డి తాడుతో కట్టినట్లు, కొద్దిగా కదిపితే తెగిపోతుంది. తెగినప్పుడు వేడి పుడుతుంది, విడిపడిన భాగాలు పక్కన ఏది దొరికితే దాని మీద పడతాయి. ఈ బలహీనమైన ఆక్సిజన్ జంట కర్బన పదార్థానికి అతుక్కుని ఉంటే దానిని సేంద్రియ పెరాక్సైడ్ అంటారు. ఇక్కడ సేంద్రియం అన్న మాటకు పశువుల ఎరువుతోను, రసాయనాలు లేని వ్యవసాయంతోను ఏ సంబంధమూ లేదు. ఎవరైనా “ఇది ఆర్గానిక్ మందు, హాని లేదు” అని అమ్మితే ఆ మాట నమ్మవద్దు. రసాయన శాస్త్రంలో ఆర్గానిక్ అంటే కర్బనం ఉన్నది అని మాత్రమే అర్థం.

పెరాసిటిక్ ఆమ్లం ఇలాంటి సేంద్రియ పెరాక్సైడే. దీనిని చేసే పద్ధతి చూడటానికి సులువు. పచ్చళ్ళలో పోసే వినిగరుకు పులుపునిచ్చే అసిటిక్ ఆమ్లాన్ని గాఢమైన హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిపి, అతి కొద్దిగా గంధకామ్లం చేరుస్తారు. కొన్ని గంటల నుండి కొన్ని రోజుల లోపల రెండింటిలో కొంత భాగం పెరాసిటిక్ ఆమ్లంగా, నీరుగా మారుతుంది. అయితే ఈ మార్పు రెండు వైపులా నడుస్తుంది. ఒక వైపు పెరాసిటిక్ ఆమ్లం తయారవుతూ ఉంటే, ఇంకొక వైపు అది తిరిగి అసిటిక్ ఆమ్లంగా, హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా విడిపోతూ ఉంటుంది. ఒక దశలో రెండూ సమానమై నిలుస్తాయి. కాబట్టి మీరు కొనే క్యానులో ఎప్పుడూ నాలుగు వస్తువులు ఉంటాయి: పెరాసిటిక్ ఆమ్లం, అసిటిక్ ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్, నీరు. ఇనుము, రాగి వంటి లోహాల జాడ తగిలితే చెడిపోతుంది గనుక ఆ లోహాలను పట్టి ఉంచే స్థిరీకరణ పదార్థం కూడా కొద్దిగా కలుపుతారు. అసిటాల్డిహైడ్ అనే ద్రవాన్ని గాలితో ఆక్సీకరణం చేసి తయారుచేసే పద్ధతి మరొకటి ఉన్నది గాని అది పెద్ద కర్మాగారాల పని.

బజారులో సాధారణంగా 5 శాతం, 15 శాతం గాఢత గల క్యానులు దొరుకుతాయి. రెండింటికీ రంగు లేదు, వాసన ఒకటే. ముక్కు పగిలిపోయే పులుపు వాసన. చూపుతో తేడా కనుక్కోలేరు, లేబులు చదవవలసిందే.

పరిశ్రమలలో ఉపయోగాలు

పెరాసిటిక్ ఆమ్లం ముఖ్యంగా సూక్ష్మజీవులను చంపడానికి వాడతారు. చన్నీటిలో కూడా పని చేస్తుంది, బాక్టీరియా, బూజు, వైరస్‌లతో పాటు మొండి స్పోరులను కూడా చంపుతుంది, చివరకు వినిగరు, నీరు, ఆక్సిజన్‌గా విడిపోతుంది. అందుకే మూత్రపిండాల రోగులకు డయాలసిస్ చేసే చోట వడపోత గొట్టాలను శుద్ధి చేయడానికి, డెయిరీలలో పాల పైపులు కడగడానికి, సీసాలలో రసాలు నింపే యంత్రాలకు దీనిని వాడతారు. బట్టల మిల్లులలో నూలును, పట్టును తెల్లబరచడానికి సాధారణంగా హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను క్షార ద్రావణంలో వేడి చేసి వాడతారు. పెరాసిటిక్ ఆమ్లంతో అయితే తక్కువ వేడి మీద, ఎక్కువ క్షారం లేకుండా ఆ పని అవుతుంది. మీ గూడు నుండి తీసిన దారం కంచి, ఆరణి మగ్గాల మీదికి వెళ్ళేలోగా జిగురు తీసి తెల్లబరిచేటప్పుడు ఏదో ఒక పెరాక్సైడ్ స్నానం చేసి ఉండవచ్చును.

దీని బంధువులైన ఇతర సేంద్రియ పెరాక్సైడ్లు ప్లాస్టిక్ పరిశ్రమకు ఆయువుపట్టు. బోరు నుండి మల్బరీ తోటకు నీరు తెచ్చే పి.వి.సి. పైపు తయారీలో చిన్న అణువులను గొలుసులా కలపడం మొదలుపెట్టేది ఇవే. మొటిమల లేపనంలో బెంజాయిల్ పెరాక్సైడ్ ఉంటుంది. 2004 డిసెంబరు సునామీ తరువాత తమిళనాడు తీరమంతా ఫైబరు పడవలు బాగా పెరిగాయి. చెన్నై కాశిమేడు రేవులో చూస్తే అవే కనిపిస్తాయి. ఆ పడవలను చేసేటప్పుడు, మరమ్మతు చేసేటప్పుడు రెసిన్ గట్టిపడటానికి కలిపే “హార్డెనర్” మిథైల్ ఇథైల్ కీటోన్ పెరాక్సైడ్. మన ఊళ్ళలో ఫైబరు నీళ్ళ ట్యాంకు పగులు పూడ్చేవారి సంచిలో ఉండే చిన్న సీసా కూడా అదే. దానితో పాటు ఊదా రంగులో కోబాల్ట్ కలిపిన “యాక్సిలరేటర్” సీసా ఒకటి ఉంటుంది. ఈ రెండింటినీ విడివిడిగా రెసిన్‌లో కలపాలే గాని, ఒకదానిలో ఒకటి నేరుగా పోస్తే మండి పేలుతుంది. ఆ పని చేయించుకునే ఇంట్లో మిగిలిన సీసాను అటక మీద దాచుకోవద్దు, పనివాని చేతికే తిరిగి ఇవ్వండి.

పట్టు షెడ్డుకు ఇది తగినదేనా?

సూక్ష్మజీవులను చంపే శక్తి దీనికి ఉన్నది. ఆ సంగతి కాదనలేము. కాని మన షెడ్డు డయాలసిస్ గది కాదు. అక్కడ మూసిన యంత్రంలో, కొలత ప్రకారం, చేతి తొడుగులు వేసుకున్న మనిషి వాడతాడు. ఇక్కడ మట్టి నేల, సున్నపు గోడ, తడి గోనె, పక్కనే కట్టివేసిన ఆవు, తిరిగే పిల్లలు ఉంటారు. నా ఉద్దేశంలో సన్నకారు రైతు షెడ్డులో దీనికి చోటు లేదు. మీ ప్రాంతపు టెక్నికల్ సర్వీస్ సెంటరు అధికారి రాతపూర్వకంగా మోతాదు ఇస్తే తప్ప అంగడివారి మాట మీద కొనవద్దు.

ఒక మూత లెక్క కూడా చూడండి. వైద్య పరికరాలను శుద్ధి చేసేందుకు సుమారు 0.2 శాతం పెరాసిటిక్ ఆమ్లం వాడతారు. 5 శాతం క్యాను నుండి 10 లీటర్ల ద్రావణం ఆ గాఢతలో రావాలంటే 400 మిల్లీలీటర్లు కావాలి. మూతకు 20 మిల్లీలీటర్లు పడుతుందనుకుంటే, బకెట్టుకు ఒక మూత పోస్తే వచ్చేది 0.01 శాతం, అంటే కావలసిన దానిలో ఇరవయ్యో వంతు. షెడ్డంతా పులుపు వాసన వస్తుంది, రైతు మనసుకు నెమ్మది కలుగుతుంది, రోగక్రిమి మాత్రం చావదు. పైగా నీటిలో కలిపిన ద్రావణం నిలవ ఉంచితే బలం తగ్గిపోతుంది. నిన్న కలిపినది ఈరోజు వాడితే లెక్క ఇంకా తప్పుతుంది.

సున్నం సంగతి ముఖ్యమైనది. పాలరోగపు వైరస్ ఒక గట్టి స్ఫటికం వంటి పెట్టెలో దాగి ఉంటుంది. ఆ పెట్టెను కరిగించేది క్షారం. అందుకే బ్లీచింగు పౌడరు ద్రావణంలో సున్నం కలపమని చెబుతాము. 10 లీటర్ల నీటికి 200 గ్రాముల బ్లీచింగు పౌడరు, 30 గ్రాముల తడిపి జల్లించిన సున్నం కలిపితే 2 శాతం బ్లీచింగు, 0.3 శాతం సున్నం గల ద్రావణం వస్తుంది. బ్లీచింగు పౌడరులో 30 శాతం క్లోరిన్ ఉండవలెను. గాలి తగిలి ముద్దకట్టినది, వాసన పోయినది పనికిరాదు. నేల వైశాల్యం చదరపు మీటరుకు ఒకటిన్నర నుండి రెండు లీటర్ల ద్రావణం పట్టాలి, గోడలు, తట్టలు, చంద్రికలు తడిసి కారేటట్లు పిచికారీ చేయాలి. క్లోరిన్ డయాక్సైడ్ మందు వాడేవారు లేబులు మీద ఉన్న కొలతతోనే ఉత్తేజకం కలిపి వాడవలెను. ఫార్మలిన్ ఇంకా వాడేవారు దాని ఆవిరిని పీల్చకుండా జాగ్రత్తపడాలి. 2004లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఫార్మాల్డిహైడ్‌ను మనుషులలో క్యాన్సర్ కలిగించే పదార్థంగా ప్రకటించింది. ఏ మందు వాడినా చాకీ పురుగులు తెచ్చే ముందు కనీసం ఒక రోజు తలుపులు, కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వాలి.

పెబ్రిన్ విషయంలో ఏ పిచికారీ అయినా సగం పనే. ఈ రోగం తల్లి చిలుక నుండి గుడ్డుకు వస్తుందని లూయీ పాశ్చర్ 1865 నుండి 1870 వరకు ఫ్రాన్సు పట్టు ప్రాంతంలో చేసిన పరిశోధనలో తేల్చి చెప్పాడు. గుడ్లు, చాకీ పురుగులు నమ్మకమైన కేంద్రం నుండి తేకుండా, షెడ్డులో ఎంత ఖరీదైన మందు చల్లినా ఫలితం ఉండదు.

ప్రమాదాలు

ముందుగా కలపకూడనివి. పెరాసిటిక్ ఆమ్లం పులుపు గుణం గలది. బ్లీచింగు పౌడరుకు ఇది తగిలితే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. మూసిన షెడ్డులో అది ఊపిరితిత్తులను కాలుస్తుంది. “రెండు మందులు కలిపితే రెండింతలు బలం” అనే ఆలోచన ఇక్కడ ప్రాణం మీదకు తెస్తుంది. బ్లీచింగు కలిపిన బకెట్టులో గాని, కడగని స్ప్రేయరులో గాని దీనిని పోయరాదు. సున్నం నీటిలో పోస్తే వేడెక్కి మందు బలం పోతుంది. ఫార్మలిన్‌తో అసలే కలపరాదు.

రెండవది లోహం. మన దగ్గర వీపుకు తగిలించుకునే పాత స్ప్రేయర్లకు ఇత్తడి గొట్టం, ఇత్తడి నాజిల్ ఉంటాయి. ఇత్తడిలోని రాగి, తుప్పు పట్టిన ఇనుము, జింకు పూత బకెట్టు, చివరకు బావి నీటిలోని మట్టి కూడా పెరాక్సైడ్‌ను విడగొడతాయి. అప్పుడు ఆక్సిజన్ వాయువు, వేడి పుడతాయి. మూసిన పాత్ర అయితే ఉబ్బి పగులుతుంది. ఈ కారణం చేతనే కంపెనీ క్యాను మూతకు గాలి పోయే సన్నని రంధ్రం ఉంటుంది. వాసన వస్తున్నదని దానిమీద మైనం, టేపు అంటించరాదు. పోసి మిగిలిన మందును తిరిగి క్యానులో పోయరాదు. సోడా సీసాలోకి, నూనె డబ్బాలోకి మార్చరాదు. నీటిలో మందు పోయాలే గాని మందులో నీరు పోయరాదు.

మూడవది ఎండ. 30 డిగ్రీల లోపు చల్లని చోట ఉంచమని లేబులు చెబుతుంది. మే నెలలో రేకుల కప్పు కింద ఎంత వేడి ఉంటుందో మీకే తెలుసు. పెరాక్సైడ్ వేడెక్కితే విడిపోతుంది, విడిపోతే మరింత వేడి పుడుతుంది, ఆ వేడికి మరింత విడిపోతుంది. ఇలా వేడి వేడిని పెంచితే ఏమవుతుందో 2020 మే 7న విశాఖపట్నం వెంకటాపురంలో చూశాము. అక్కడి ట్యాంకులో ఉన్నది స్టైరీన్, పెరాక్సైడ్ కాదు. కాని తనంతట తాను వేడెక్కి అదుపు తప్పిన తీరు ఇదే. ఆవిరి ఊరి మీదకు పాకి 12 మంది చనిపోయారు. పెరాక్సైడ్లతోనే జరిగినది 2017లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం క్రాస్బీలో. అక్కడి ఆర్కెమా కర్మాగారంలో ఎప్పుడూ శీతల గదిలో ఉంచవలసిన రకపు సేంద్రియ పెరాక్సైడ్లు ఉన్నాయి. హార్వీ తుపాను వరదకు కరెంటు పోయి, జనరేటర్లు కూడా ఆగిపోయాయి. సరుకును చల్లని ట్రైలర్లలోకి మార్చారు, నీరు పెరిగి అవీ నిలిచిపోయాయి. ఆగస్టు 31న మొదటి మంట లేచింది. కొన్ని రోజులలో తొమ్మిది ట్రైలర్లూ కాలిపోయాయి. రెండున్నర కిలోమీటర్ల లోపు ఉన్న 200 మందికి పైగా ప్రజలు వారం రోజులు ఇళ్ళు వదలి ఉండవలసి వచ్చింది. మొదటి మంటకు నిప్పు ఎవరూ పెట్టలేదు, చల్లదనం పోయింది, అంతే.

మరిచిపోయిన నిలవ కూడా ప్రమాదమే. 2020 ఆగస్టులో బీరుట్ పేలుడు తరువాత వెదికితే, చెన్నై మణలిలో 2015 నుండి పడి ఉన్న సుమారు 697 టన్నుల అమ్మోనియం నైట్రేట్ కంటెయినర్లలో బయటపడింది. దానిని హైదరాబాదుకు తరలించారు. అది వేరే రసాయనం. అయినా మన షెడ్డు మూలన మూడేళ్ళ నాటి క్యాను పడి ఉండటానికీ దీనికీ కొలతలోనే తేడా.

నాలుగవది ఒళ్ళు. 5 శాతం ద్రావణం కూడా కంటిలో పడితే చూపు పోయే ప్రమాదం ఉన్నది. చర్మం తెల్లబడి కాలుతుంది. ఆవిరి పీలిస్తే వెంటనే దగ్గు వస్తుంది, కొన్ని గంటల తరువాత ఊపిరితిత్తులలో నీరు చేరవచ్చును. పనివారు పదిహేను నిమిషాలు పీల్చగల గాలిలో పది లక్షల భాగాలకు 0.4 భాగం మించరాదని అమెరికా పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం 2014లో పరిమితి పెట్టింది. ముక్కుకు కట్టుకున్న తువ్వాలు ఈ ఆవిరిని ఆపదు. నూలు చేతి తొడుగు మందును పీల్చుకుని చేతికే అంటిపెట్టి ఉంచుతుంది గనుక రబ్బరు తొడుగే కావాలి. గాఢమైన మందు ఒలికిన గోనె, రంపపు పొట్టు, ఎండు మల్బరీ పుల్లలు తమంతట తామే అంటుకోవచ్చును. ఒలికితే గుడ్డతో తుడవక, ఎక్కువ నీటితో కడిగి పలుచన చేయవలెను.

మన దేశంలో 1989 నాటి ప్రమాదకర రసాయనాల నియమాలలో 60 శాతం మించిన పెరాసిటిక్ ఆమ్లం చేరి ఉన్నది. రైతు చేతికి వచ్చే క్యాను ఆ జాబితాలోకి రాదు. కంటికి ఆ తేడా తెలియదు.

రహదారి మీద లారీ

చెన్నై నుండి బెంగళూరుకు పోయే జాతీయ రహదారి కృష్ణగిరి, హోసూరు మీదుగా వెళుతుంది. మీ పొలాల పక్కనే రసాయనాల లారీలు రాత్రింబవళ్ళు తిరుగుతాయి. లారీ మీద గాని, క్యాను మీద గాని డైమండు ఆకారంలో పై సగం ఎరుపు, కింది సగం పసుపు రంగు, మంట బొమ్మ, కింద 5.2 అంకె ఉంటే అది సేంద్రియ పెరాక్సైడ్. పూర్తిగా పసుపు రంగులో, వలయం మీద మంట, 5.1 అంకె ఉంటే ఆక్సీకరణ పదార్థం. పలుచని పెరాసిటిక్ ఆమ్లం కొన్నిసార్లు ఆ గుర్తుతోనే వస్తుంది. ఇటువంటి లారీ బోల్తాపడితే పడిన క్యానులు ఏరుకోవడానికి వెళ్ళవద్దు, బీడీ వెలిగించవద్దు, గాలి వీచే దిక్కుకు ఎదురుగా దూరంగా జరిగి 101కు గాని 112కు గాని తెలియజేయండి.

ప్రథమ చికిత్స

కంటిలో పడితే క్షణం ఆలస్యం చేయక, రెప్పలు తెరిచి పట్టి, పారే శుభ్రమైన నీటితో కనీసం పదిహేను నిమిషాలు కడగాలి. డాక్టరు వద్దకు వెళ్ళి కడిగించుకుందామని అనుకుంటే ఆలోపే కన్ను పోతుంది. చంటి పాలు, పసరు పోయరాదు. ఒంటి మీద పడితే బట్టలు విప్పి కడగాలి. మింగితే వాంతి చేయించరాదు, వచ్చే దారిలో గొంతు రెండోసారి కాలుతుంది. నోరు పుక్కిలించి, 108కి ఫోను చేసి, లేబులుతో సహా ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఆవిరి పీల్చినవారు తేరుకున్నట్లు కనిపించినా ఆ రాత్రి ఒంటరిగా పడుకోనివ్వక, డాక్టరుకు చూపించవలెను.

ఇప్పటికే కొన్న క్యాను ఉన్నవారు దానిని షెడ్డు నుండి, వంటింటి నుండి, పశువుల పాక నుండి తీసి, నీడలో, నిలువుగా, పిల్లలకు అందని చోట ఉంచి, కొన్న దుకాణానికి తిరిగి ఇవ్వడానికి ప్రయత్నించండి. బావి దగ్గర, చెరువు గట్టున పారబోయవద్దు. క్యాను ఉబ్బి ఉన్నా, ముట్టుకుంటే వెచ్చగా ఉన్నా, బుసబుస చప్పుడు వస్తున్నా మూత తీయవద్దు, కదపవద్దు. అందరినీ దూరంగా పంపి అగ్నిమాపక కేంద్రానికి 101కు ఫోను చేయండి. ఖాళీ అయిన క్యానును మూడుసార్లు నీటితో బాగా కడిగి, అడుగున మేకుతో రంధ్రాలు చేయండి. అప్పుడు దానిలో పాలు గాని, తాగునీరు గాని పట్టడానికి ఎవరూ తీసుకుపోరు.